గిడ్డంగి తాళంచెవి: నూలు కట్ట నుంచి భివండీ స్కానర్ దాకా మన సరుకు కథ

వార్షికోత్సవ సంచిక అనగానే మనవాళ్లు మగ్గం గురించి రాస్తారు. మార్కండేయ మహర్షి గురించి, భావనారుషి గురించి, దేవల మహర్షి గురించి రాస్తారు. చీర అంచు గురించి, చద్దరు మీది పువ్వు గురించి రాస్తారు. అవన్నీ రాయాల్సినవే, మన పిల్లలు చదవాల్సినవే. కానీ మగ్గం పక్క గది గురించి ఎవరూ రాయరు. నూలు వచ్చి పడే గది అది. నేసిన బట్టను మడతపెట్టి పేర్చే గది అది. కొందరి ఇళ్లలో అది కొట్టుగది, కొందరి ఇళ్లలో అటక, సొసైటీలో అయితే గోదాం. ఈసారి ఆ గది చరిత్ర రాద్దామనుకున్నాం.

ఎందుకంటే మన మూడు వందల ఏళ్ల కష్టసుఖాలను ఆ గది గడపలో నిలబడి చూస్తే, మగ్గం గుంటలో కూర్చున్నప్పుడు కనబడని సంగతి ఒకటి కనబడుతుంది. నేసే పని ఎప్పుడూ మన చేతిలోనే ఉంది. లెక్కపెట్టడం, తూచడం, దాచడం, పంపడం మాత్రం చాలాకాలం ఇంకొకరి చేతిలో ఉండిపోయాయి. లాభం ఎక్కువగా ఆ చేతిలోనే నిలిచింది.

మాట మనదే

ముందు ఒక చిన్న ముచ్చట. ఇంగ్లీషువాళ్లు గోడౌన్ అంటారు. మరాఠీలో, హిందీలో గోదాం అంటారు. మనమూ గోదాం అనే అంటున్నాం. ఈ మాట ఎక్కడిది అని వెతికిన నిఘంటుకారులు మలయ్ భాషలోని గుడాంగ్ అనే మాట దాకా వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ మన తీరానికే వచ్చారు. తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు అనే మాటలే ఓడల మీద తూర్పు దీవులకు పోయి, అక్కడి నుంచి యూరపు వర్తకుల నోట పడి, గోడౌన్ అయి తిరిగొచ్చాయని వాళ్లలో చాలామంది అభిప్రాయం. అంటే పెళ్లి చేసి పంపిన ఆడపిల్ల ఎన్నో ఏళ్లకు వేరే పేరుతో పుట్టింటికి వచ్చినట్టు. మనం ఆమెను గుర్తుపట్టక పరాయిదానిలా చూశాం.

మాట ఓడ ఎక్కిందంటే సరుకు ఎక్కబట్టే. ఆ సరుకులో ముఖ్యమైనది బట్ట. కాబట్టి కథ తీరం నుంచే మొదలుపెట్టాలి.

కంపెనీ కొఠీలో మన బట్ట

ఇంగ్లీషు కంపెనీ ఓడ 1611లో మచిలీపట్నం వచ్చింది. డచ్చివాళ్లు అంతకంటే కొన్నేళ్ల ముందే దిగారు. తరువాత గోదావరి పాయల పొడుగునా కొఠీలు లేచాయి. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో, 1708లో ఇంజరంలో ఇంగ్లీషువాళ్లవి, ఇంజరానికి కూతవేటు దూరంలో యానాంలో 1723 నుంచి ఫ్రెంచివాళ్లది. మాధవాయపాలెం పేరు ఇంగ్లీషువాళ్ల నోట మడపోలం అయి, ఒక రకం తెల్లబట్టకు పేరుగా ఇప్పటికీ ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉంది. యానాం మన సమాఖ్యలో ఉన్న ఊరు. అక్కడి నేత కుటుంబాలు ఈ కథకు పరాయివి కావు.

కొఠీ అంటే ఫ్యాక్టరీ అని ఇంగ్లీషువాళ్లు రాసుకున్నారు గానీ, అక్కడ ఏ వస్తువూ తయారయ్యేది కాదు. కొఠీ అంటే అసలు గిడ్డంగే. నేతగాడు ఊళ్లో తన ఇంట్లోనే నేసేవాడు. బయానా తీసుకున్నాడు కాబట్టి బట్టను కొఠీకే ఇవ్వాలి. కోరా బట్టను చాకళ్లు ఉతికి తెల్లబరిచేవాళ్లు. తరువాత కొఠీలో ఏరే పని మొదలయ్యేది. నమూనా బట్ట ఒకటి బల్ల మీద ఉండేది. పడుగు పోగుల లెక్కను మనవాళ్లు పుంజాల్లో చెప్పేవాళ్లు. ఇన్ని పుంజాల బట్ట అని ఒప్పందం. పొడవు, పన్నా, పుంజం, ఒత్తు చూసి, ఇది మొదటి రకం, ఇది రెండో రకం, ఇది పనికిరాదు అని కొఠీ మనిషి విడదీసేవాడు.

ఆ ఒక్క మాట మీద నేతగాడి బతుకు ఆధారపడింది. మొదటి రకం రెండో రకం అయితే ధర పడిపోతుంది. పనికిరాదంటే బట్ట వెనక్కి వస్తుంది, బయానా బాకీ మాత్రం పోదు. బట్ట ఆలస్యమైతే ఇంటి ముందు కంపెనీ బంట్రోతు కూర్చునేవాడు, అతని బత్తా కూడా నేతగాడే కట్టుకోవాలి. 18వ శతాబ్దం చివరి ఏళ్లలో గోదావరి జిల్లా నేతగాళ్లు మగ్గాలు ఆపి, గుంపులుగా కదిలి, అర్జీలు పెట్టుకుని తిరగబడ్డారు. వాళ్ల ఫిర్యాదుల్లో ధరతో పాటు, మధ్యదళారుల పెత్తనంతో పాటు, బట్ట ఏరే తీరు కూడా ఉంది. అంటే మన పూర్వీకుల పోరాటం ఒకవిధంగా గిడ్డంగి పోరాటం కూడా. మేం నేసింది మా ముందర కొలవండి, న్యాయంగా కొలవండి అన్నదే అందులో ఒక పెద్ద ముక్క.

సరుకు మోయడం కూడా అప్పట్లో పెద్ద కష్టమే. కోరమండల్ తీరంలో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు, దూరంగా లంగరు వేసి నిలబడేవి. మేకులు లేకుండా కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో బేళ్లను అలల మీదుగా చేర్చేవాళ్లు. ఒక్క అల లోపలికి వస్తే నెలల నేత ఉప్పునీళ్లపాలు. తీరంలో పెట్టిన గిడ్డంగికి ఉప్పెన భయం వేరే. 1839 నవంబరులో యానాం పక్కనున్న కోరంగిని ఉప్పెన ముంచేసింది.

ఈ మోత తగ్గించుకోవడానికే కంపెనీ ఇంకో ఉపాయం చేసింది. సరుకును గిడ్డంగి దగ్గరికి మోసేకంటే నేతగాళ్లనే గిడ్డంగి దగ్గరికి తెచ్చిపెట్టుకుంటే సరి. మద్రాసులో 1734లో చింతాద్రిపేట పుట్టింది అట్లాగే. నూలు వడికేవాళ్లకు, నేసేవాళ్లకు, అద్దేవాళ్లకు ఇళ్లస్థలాలిచ్చి అక్కడ కూర్చోబెట్టారు. బట్టలు ఉతికే చాకళ్ల పేరు మీద వన్నారపేట ఉంది. తమిళనాడులో మనవాళ్ల కాపురాలన్నీ కంపెనీ వల్ల వచ్చినవి కావు. విజయనగర, నాయక రాజుల కాలంలోనే వెళ్లినవాళ్లు ఎక్కువమంది. అయినా ఒక ఊరు నేత ఊరు కావడానికి గిడ్డంగి కూడా ఒక కారణం కాగలదని చింతాద్రిపేట చెబుతుంది.

1813లో కంపెనీ గుత్త వ్యాపారం పోయింది, 1833లో వ్యాపారమే మానేసింది. కొఠీలు మూతపడ్డాయి. బట్ట పోయేదారిలో మిల్లు బట్ట, మిల్లు నూలు ఎదురొచ్చాయి. తీరపు గిడ్డంగి ఖాళీ అయ్యాక మనవాళ్లు కొత్త గిడ్డంగి ఉన్నచోటికి కదిలారు. ఈసారి అది రైలు స్టేషను పక్కన ఉంది.

నూట ఎనభై ఒక్క కిలోల బేలు

సోలాపూర్‌కు రైలు 1860లో వచ్చింది. మనవాళ్లు ఇప్పటికీ జూనీ మిల్లు అని పిలిచే సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు 1877లో మొదలైంది. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు కరువులకు, అప్పులకు తట్టుకోలేక, పని వెతుక్కుంటూ వచ్చి పూర్వభాగంలో స్థిరపడ్డారు. కొందరు మిల్లులో చేరారు. కొందరు కార్ఖానాల్లో చేతిమగ్గాల మీద కూర్చున్నారు. కార్ఖానా అంటే ఒకే కప్పు కింద మగ్గాలు, నూలు కొట్టు, పనివాళ్ల పడక అన్నీ. నూలు కట్ట మీద తల పెట్టుకుని పడుకున్నామని చెప్పిన తాతలు మనలో చాలామందికి ఉన్నారు.

మిల్లు నూలుతో పాటు కొత్త లెక్క కూడా వచ్చింది. ఇది మన ఇళ్లలో అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ, కుర్రకారుకు తెలియదు కాబట్టి రాస్తున్నాం. చిలప ఒక్కటి 840 గజాలు. ఒక పౌనుకు ఎన్ని చిలపలు తూగుతాయో అది ఆ నూలు నంబరు. 40 నంబరు అంటే పౌనుకు 40 చిలపలు. కట్ట 10 పౌన్లు, అంటే 4.54 కిలోలు. కాబట్టి 40 నంబరు కట్టలో 400 చిలపలు, 80 నంబరు కట్టలో 800 చిలపలు ఉండాలి. అలాంటి 40 కట్టలు కలిస్తే బేలు, 400 పౌన్లు, 181 కిలోల పైచిలుకు.

ఈ లెక్క వచ్చినవాడు మోసపోడు, రానివాడు రోజూ మోసపోతాడు. 40 నంబరు కట్టలో 10 చిలపలు తక్కువైతే 8,400 గజాల నూలు పోయినట్టు. తూకంలో అది కనబడకపోవచ్చు, ఎందుకంటే నూలు నీళ్లు తాగుతుంది. పొడిగా కనబడే పత్తి నూలులో కూడా తేమ ఉంటుంది. వర్తకంలో పొడి నూలు బరువుకు వందకు 8.5 వంతుల తేమను ఒప్పుకుంటారు. అంతకంటే ఎక్కువ తేమ పట్టించి అమ్మితే ఆ నీళ్లకు మనం డబ్బు కట్టినట్టే. బేలు బరువులో 2 శాతం నీళ్లు ఎక్కువున్నాయంటే మూడున్నర కిలోలకు పైగా నూలు మనకు రాలేదన్నమాట. చిలపను 840 గజాలకు తక్కువగా చుట్టి అమ్మే మిల్లులూ ఉండేవి. వర్షాకాలంలో నూలు కొనకు అని మన పెద్దలు చెప్పిన మాట వెనుక ఇంత శాస్త్రం ఉంది.

ఇక మోత సంగతి. 181 కిలోల బేలును కొక్కెంతో లాగి, దొర్లించి, వీపు మీద వేసుకునే హమాలీ అన్న ఎముకల లెక్క ఏ రిజిస్టరులోనూ లేదు. బేలు విప్పాక కట్టలు తలమీద మోసింది మన ఆడవాళ్లే. నూలు తెచ్చేది వాళ్లు, కండెలు చుట్టేది వాళ్లు, బట్ట తిరిగి ఇచ్చి వచ్చేది వాళ్లు. మరమగ్గాలు వచ్చాక పడుగు బీమును ఇద్దరు మనుషులు భుజాల మీద ఎత్తి మోసేవాళ్లు. నడుము పట్టేసిన తండ్రుల్ని మనమందరం చూశాం. ఒక్క చక్రాల బండి పెట్టి ఉంటే ఆ నడుములు మిగిలేవి. దానికి పెద్ద పెట్టుబడి కూడా అక్కర్లేదు, ఆ పని గురించి ఆలోచించినవాళ్లు లేరు, అంతే.

నూలు కరువు రోజులు

గిడ్డంగి తాళంచెవి విలువ అందరికంటే బాగా తెలిసింది రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో. మిల్లులు సైన్యానికి బట్ట నేస్తున్నాయి, దిగుమతి ఆగింది, నూలు దొరకడం లేదు. 1943లో బట్టకు, నూలుకు కంట్రోలు ఆర్డరు వచ్చింది. కట్ట మీద ధర అచ్చు వేయాలి, లైసెన్సు ఉన్నవాళ్లే అమ్మాలి, మగ్గాల లెక్కన నూలు పంచాలి. కాగితం మీద బాగానే ఉంది. చేతిలో మగ్గం ఉండి, ఇంట్లో నేర్పు ఉండి, కొట్టులో నూలు లేక మగ్గాలు నిలిచిపోయిన ఇళ్లు ఎన్నో. అదే వీధిలో ఎవరో ఒకరి కొట్టులో కట్టలు దాగి ఉండేవి. రెట్టింపు ధరకు రాత్రిపూట బయటికి వచ్చేవి. సరుకు ఉందా లేదా అన్నది ఒక్కరికే తెలిస్తే, ఆ ఒక్కరే ధర చెబుతారు. ఆ రోజుల నుంచి మనం నేర్చుకోవాల్సింది ఇదే.

సొసైటీ గోదాం

ఈ బాధకు మందుగా సహకార సంఘాలు వచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో నేత సంఘాలన్నిటికీ పైన ఒక ప్రాంతీయ సంఘం 1935లో ఏర్పడింది, దాన్నే ఇప్పుడు కో ఆప్టెక్స్ అంటున్నాం. అప్పటికి మద్రాసు రాష్ట్రమంటే ఆంధ్ర జిల్లాలూ, సేలం కోయంబత్తూరులూ, బళ్లారీ, బరంపురం ఉన్న గంజాం కూడా. మరుసటి ఏడాదే గంజాం కొత్తగా ఏర్పడ్డ ఒరిస్సాలోకి పోయింది. కాబట్టి ఇప్పుడు మూడు నాలుగు రాష్ట్రాల్లో ఉన్న మన కుటుంబాల తాతలు ఒకప్పుడు ఒకే సహకార గొడుగు కింద ఉండేవాళ్లు.

స్వాతంత్ర్యం వచ్చాక సంఘాలు పెరిగాయి. మిల్లులు తమ నూలులో కొంత భాగం చిలపల రూపంలోనే ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ 1983లో ఏర్పడింది. మిల్లు గేటు దగ్గరి ధరకే నూలును నేత ఊళ్ల డిపోలకు చేర్చే పథకం 1992లో మొదలైంది. చూడండి, చేనేతకు మేలు చేసిన పథకాల్లో ఎన్నో చివరికి ఈ ఒక్క ప్రశ్నకే జవాబులు: నూలు ఎక్కడ నిల్వ ఉండాలి, ఎవరు మోయాలి, ఏ ధరకు గుమ్మం దాకా రావాలి.

సొసైటీ కిటికీ మనకు చాలా ఇచ్చింది. తూకం మన కళ్ల ముందే జరిగింది. పాసు పుస్తకంలో రాసి ఇచ్చారు. రెండో రకం అంటే ఎందుకో అడిగే హక్కు వచ్చింది. ఇంజరం కొఠీ ముందు నిలబడిన మన పూర్వీకులు అడిగింది ఇదే కదా.

అయితే సొసైటీ గోదాంలో కొత్త రోగం ఒకటి మొదలైంది. అది మన రోగమే కాబట్టి దాచుకోకుండా రాస్తాం. మా ఊరి సొసైటీలో మేం చూసింది చెబుతున్నాం. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గర, అందిన చోట పేర్చేవాళ్లం. అమ్మకానికి తీసేటప్పుడు కూడా గుమ్మం దగ్గరిదే తీసేవాళ్లం. అంటే నిన్న వచ్చింది ఈరోజు పోయేది, మూడేళ్ల కిందటిది గోడవైపు అట్టడుగున ఉండిపోయేది. ఏడాదికొకసారి ఆడిట్ వచ్చినప్పుడు మొత్తం లెక్క రాసేవాళ్లం, అది కూడా బయటి వరస లెక్కపెట్టి లోపలిది పాత పుస్తకం చూసి రాసేవాళ్లం. ఒక వానాకాలం గోడ చెమ్మ దిగింది. కప్పు మరమ్మతు కోసం సరుకు బయటపెడితే అడుగు వరస మొత్తం బూజు. కొన్ని కట్టలు చేత్తో లాగితే పోగు తెగిపోతోంది. ఎలుకలు గూడు కట్టుకున్న దుప్పట్లు వేరే.

ఆ సరుకు ఆ రోజుదాకా పుస్తకంలో పూర్తి ధరకు ఆస్తిగా ఉంది. ఆస్తి ఉందని రాసుకున్నాం, నేతగాడికి ఇవ్వడానికి కూలి డబ్బు మాత్రం లేదు. ఎవరూ దొంగతనం చేయలేదు. ఎవరూ అబద్ధం రాయలేదు. గోదాంలో ఏముందో మాకే తెలియలేదు, అంతే. నాలుగు నెలల కూలి ఆలస్యమై కొన్ని కుటుంబాలు సొసైటీ వదిలి మళ్లీ సావుకారు గడప ఎక్కాయి. వాళ్లను తప్పుపట్టలేం. పండగ రిబేటు వచ్చిందాకా ఆగుదాం, ప్రభుత్వం కొంటుంది ఆగుదాం అని కూర్చోవడంతో ఇట్లాగే దెబ్బతిన్న సంఘాలు ఇంకా ఉన్నాయని మీలో చాలామందికి తెలుసు.

నాయనమ్మకు తెలిసిన గిడ్డంగి విద్య

నిల్వ విద్య మనకు రాదా అంటే వచ్చు. ఇంట్లో వచ్చు, సంఘంలో మర్చిపోయాం. మన నాయనమ్మలు నూలును నేలమీద పెట్టనిచ్చేవాళ్లు కాదు, చెక్క బల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టించేవాళ్లు. ఎండిన వేపాకు, వస కొమ్ము మధ్యమధ్యలో ఉంచేవాళ్లు. బరంపురంలో, కంచిలో, దొడ్డబళ్లాపురంలో పట్టు నేసే ఇళ్లలో చీరను పాత నూలుబట్టలో చుడతారు, ప్లాస్టిక్ సంచిలో పెట్టరు, గాలి ఆడాలి కాబట్టి. కొన్ని నెలలకొకసారి విప్పి మడత మారుస్తారు. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే జరీ అక్కడ విరుగుతుంది, పట్టు చిట్లుతుంది. ఎండకు వేస్తే రంగు పోతుందని నీడన ఆరబెడతారు.

రంగు నూలు సంగతి ఇంకా జాగ్రత్త. ఒకే తొట్టిలో ఒకేసారి అద్దిన నూలును విడిగా కట్టి గుర్తు పెట్టేవాళ్లు, ముడి వేసేవాళ్లు లేదా వేరే రంగు పోగు చుట్టేవాళ్లు. నిన్నటి ఎరుపు, మొన్నటి ఎరుపు కంటికి ఒకటే. బట్టలో పడ్డాక మాత్రం అడ్డపట్టీలుగా కనబడుతుంది. అప్పుడు తప్పు నేతగాడిమీద పడుతుంది. నిజానికి ఆ తప్పు గోదాంలో జరిగింది. ఆ ముడి, ఆ పోగు గుర్తే ఇవాళ్టి లాట్ నంబరు. మనకది కొత్త విద్య కాదు.

భివండీ పిల్లలు

ఇప్పుడు కథ మనం అనుకోని చోటికి వస్తుంది. భివండీ మనకు బాగా తెలిసిన ఊరు. లక్షల మరమగ్గాలు ఆడిన ఊరు. కరీంనగర్, నల్గొండ, వరంగల్ వైపు నుంచి వెళ్లిన పద్మశాలీలు తరాలుగా అక్కడున్నారు, పద్మానగర్ అని పేటే ఉంది. ముంబై ఆక్ట్రాయ్ హద్దుకు బయట ఉండడం, నాసిక్ రోడ్డు, రేవు దగ్గరగా ఉండడం వల్ల భివండీ చుట్టుపక్కల పల్లెల్లో గోదాములు లేచాయి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రానికొక చిన్న గోదాం ఉంచుకునే అవసరం తగ్గి, కంపెనీలు ఒకేచోట పెద్ద గోదాములు పెట్టుకోవడం పెరిగింది. ఇవాళ దేశంలోని అతి పెద్ద గోదాం కేంద్రాల్లో భివండీ ఒకటి. ఫోనులో ఆర్డరు చేసిన సరుకు ఎంతో అక్కడి నుంచే కదులుతుంది.

మరమగ్గం చప్పుడు తగ్గిన ఇళ్ల నుంచి మన పిల్లలు ఆ గోదాముల్లో పనికి వెళ్తున్నారు. తాత నూలు కట్ట మోశాడు, తండ్రి బీము మోశాడు, కొడుకు చేతిలో స్కానర్ ఉంది. బాధ పడాలో సంతోషపడాలో తెలియని సంగతి ఇది. పని గట్టిదే, రోజంతా నిలబడాలి, గంటకు ఇన్ని అని లెక్క ఉంటుంది. కాంట్రాక్టు ఉద్యోగం, ఎప్పుడు తీసేస్తారో తెలియదు. కానీ ఆ పిల్లలు అక్కడ నేర్చుకున్న విద్య ఉంది చూశారా, అది మన సొసైటీ గోదాంకు ఇన్నాళ్లూ దొరకని విద్య.

సెలవుకు వచ్చినప్పుడు వాళ్లను కూర్చోబెట్టి అడిగాం. వాళ్లు చెప్పింది మన మాటల్లో రాస్తే ఇంతే. ప్రతి అరకూ పేరు ఉంటుంది, వీధి, ఇల్లు, అంతస్తు ఉన్నట్టు. సరుకు రాగానే లెక్కపెట్టి, చూసి, నంబరు అంటించి, ఏ అరలో పెట్టారో అప్పుడే రాస్తారు. తరువాత రాద్దాం అన్న మాటే ఉండదు. ముందొచ్చింది ముందు పోవాలి. తరచుగా పోయే సరుకు గుమ్మానికి దగ్గర, నడుము ఎత్తులో ఉంటుంది. అరుదుగా పోయేది దూరంగా, పైన. బరువైంది ఎప్పుడూ కింది అరలో. ఏడాదికోసారి గోదాం మూసి లెక్కపెట్టరు. రోజుకు కొన్ని అరలు లెక్కపెడతారు, తేడా ఉంటే అదే రోజు వెతుకుతారు. మనిషి వంగి ఎత్తడం, తలమీద మోయడం తగ్గించడానికి చెక్క బల్ల కింద దూర్చి లాగే చేతి బండి ఉంటుంది.

ఇందులో మన శక్తికి మించింది ఏదైనా ఉందా? సగం నాయనమ్మ చెప్పిందే. మిగతా సగానికి కావలసింది ఒక సున్నం డబ్బా, కొన్ని చీటీలు, ఒక పుస్తకం, ఒక మంచి కాటా. ఫోను అందరి దగ్గరా ఉంది. ఫోటో తీసి, అర నంబరు రాసి, ఒక పట్టికలో పెడితే సేలంలో ఉన్న చీర సోలాపూర్‌లో అడిగినవాడికి కనబడుతుంది.

సంఘాలకు మా మనవి

చరిత్ర వ్యాసంలో సలహాలు ఎందుకని అనుకోవద్దు. ఈ చరిత్ర ఇంకా మన గోదాముల్లో జరుగుతూనే ఉంది. ఈ సంవత్సరం సమాఖ్యలోని ప్రతి సంఘం ఐదు పనులు చేయాలని అడుగుతున్నాం.

ఒకటి, వానలకు ముందు గోదాం మొత్తం బయటపెట్టి, సున్నం వేసి, సరుకును నేలకు ఎత్తుగా, గోడకు ఎడంగా పేర్చాలి. రెండు, అరలకు నంబర్లు వేసి, ప్రతి కట్టకూ ప్రతి చీరకూ వచ్చిన తేదీ, లాటు, నేసినవాళ్ల పేరు చీటీ మీద రాయాలి. మూడు, పాత సరుకు ఎంతుందో నిజం రాసుకోవాలి. చెడింది చెడిందని రాయాలి, తగ్గించి అమ్మాల్సింది తగ్గించి అమ్మాలి. అబద్ధపు ఆస్తి కంటే నిజమైన చిల్లర మేలు, దాంతో కూలి ఇవ్వొచ్చు. నాలుగు, ఆడవాళ్లు తలమీద మోసే దారి ఎక్కడెక్కడుందో చూసి అక్కడ చక్రాల బండి పెట్టాలి, మెట్టు ఉన్నచోట వాలు కట్టాలి. ఐదు, స్టాకు లెక్క సభ్యులందరికీ కనబడేలా నెలకొకసారి బోర్డు మీద, గ్రూపులో పెట్టాలి.

ఈ ఐదో పనే అన్నిటికంటే ముఖ్యమని మా నమ్మకం. కొఠీ మనిషి ఒక్కడికే లెక్క తెలిసిన రోజుల్లో మనం అర్జీలు పట్టుకుని తిరిగాం. కొట్టు యజమాని ఒక్కడికే లెక్క తెలిసిన కంట్రోలు రోజుల్లో మగ్గాలు ఆపుకుని కూర్చున్నాం. మన సొంత సొసైటీలో ఎవరికీ లెక్క తెలియక కూలి పోగొట్టుకున్నాం. లెక్క అందరికీ తెలిసిన గిడ్డంగి ఎట్లా ఉంటుందో మనం ఇంకా చూడలేదు. దాన్ని కట్టగలిగిన పిల్లలు ఇప్పుడు మన ఇళ్లలోనే ఉన్నారు. భివండీ నుంచి, బెంగళూరు నుంచి పండక్కి వచ్చిన మనవడిని ఒక పూట సొసైటీకి తీసుకెళ్లండి. గోదాం తలుపు తీసి లోపలికి పిలవండి. అట్టడుగు వరస నుంచి వాడితోనే లెక్కపెట్టించండి.